ఏది పొయ్యి ఎక్కాలి, ఏది ఎక్కకూడదు

(హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ విద్యార్థులకూ, వంట మీద ఆసక్తితో వచ్చిన మరికొందరికీ ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్ళు వచ్చి కూర్చోండి, మొహమాటం వద్దు.

నన్ను పిలిచినప్పుడు ఇటలీ కోల్డ్ కట్స్‌తో వంట గురించి చెప్పమన్నారు. అంటే నిలవ చేసిన మాంసాన్ని పలచగా కోసి చల్లగా వడ్డించేవి. కోల్డ్ కట్స్ అనగానే మీకేం గుర్తొస్తుంది? బఫేలో ఓ చివర పళ్ళెం, అందులో గులాబీ రంగు చక్రాలు, పక్కన నాలుగు ఆలివ్‌లు, ఎవరూ ముట్టుకోరు. అవునా కాదా? నవ్వుతున్నారంటే అవుననే.

ఆ పళ్ళెంలో ఉన్నవన్నీ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ, ఒకదానితో చేసే పని ఇంకోదానితో చేస్తే పాడవుతుంది. ఇటలీలో వీటన్నిటినీ కలిపి సలూమి అంటారు. సలామీ అందులో ఒక రకం, అంతే. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే సంగతి. వీటిలో ఏది పొయ్యి ఎక్కాలి, ఏది ఎక్కకూడదు, ఎక్కేదైతే ఎప్పుడు ఎక్కాలి. దీన్ని తేల్చేది ఏమిటి? మాంసం కాదండీ, కొవ్వు. కొవ్వు ఎంతుంది, ఎలాంటిది, ఎంత వేడికి కరుగుతుంది. ఇది పట్టుకుంటే పేర్లు గుర్తులేకపోయినా ఫరవాలేదు.

ముందు ఇవి ఎలా తయారవుతాయో చెప్పుకుందాం. తయారీ తెలిస్తే సగం వంట తెలిసినట్టే. మాంసాన్ని ఉప్పేసి ఆరబెట్టడం మనకి కొత్తా? కాదు. తెలంగాణలో ఒరుగులు ఉన్నాయి. మాంసాన్ని పలచగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దండెం మీద ఆరేస్తారు. ఎండకి కట్టెలా అవుతుంది. ఎందుకు పలచగా కోస్తారు? మన ఎండలో లావు ముక్క వేలాడదీస్తే పైన ఎండుతుంది, లోపల కుళ్ళుతుంది. అందుకని పలచగా కోసి త్వరగా ఎండబెడతారు. కొవ్వు ఉంటే వేడికి పాత నూనె వాసన వస్తుంది కాబట్టి కొవ్వు తీసేస్తారు. మన వాతావరణానికి అదే సరైన పద్ధతి. తెలివైన పద్ధతి.

మరి ఇటలీవాళ్ళు పంది వెనక కాలు మొత్తం, తొడతో సహా, ఎముకతో సహా ఎలా నిలవ చేస్తారు? వాళ్ళకి చలి ఉంది. అదొక్కటే తేడా. పాత రోజుల్లో పందిని చలికాలంలోనే కోసేవాళ్ళు. ఇప్పుడు చలి గదులున్నాయి గనక ఏడాది పొడుగునా చేస్తారు. ఉత్తర ఇటలీలో పార్మా ఊరికి దక్షిణాన కొండల్లో లంగిరానో అని ఓ చిన్న పట్టణం ఉంది. ఇలా నిలవ చేసిన కాలునే ప్రొషూటో అంటారు, ఆ కంపెనీలు ఎక్కువ భాగం ఆ చుట్టుపక్కలే. అక్కడ భవనాలు చూస్తే వింతగా ఉంటాయి, పొడుగ్గా, నిలువు కిటికీలు వరసగా. గాలి ఎటు నుంచి వస్తుందో చూసి కిటికీలు తెరుస్తారు, మూస్తారు. ఇప్పుడు యంత్రాలు కూడా ఉన్నాయి, కాదనను. అయినా కిటికీలు తీసేయలేదు.

పార్మా ప్రొషూటోలో పడేవి రెండే: పంది కాలు, సముద్రపు ఉప్పు. నైట్రేట్ లేదు, నైట్రైట్ లేదు, పొగ లేదు, మిరియాలు కూడా లేవు. తోలు వైపు తడి ఉప్పు రాస్తారు, మాంసం వైపు పొడి ఉప్పు చల్లుతారు. ఎందుకు? తోలు మందంగా ఉంటుంది, పొడి ఉప్పు అంటుకోదు.  ఈ పని చేసేవాణ్ణి ఉప్పు మేస్త్రి అనొచ్చు మనం. ఆ కాలు బరువు చూసి, కొవ్వు చూసి, చేత్తోనే అంచనా కడతాడు. ఒకటి నుంచి నాలుగు డిగ్రీల చలిలో ఓ వారం ఉంచి, ఉప్పు దులిపి, మళ్ళీ కొంచెం వేసి, ఇంకో రెండు మూడు వారాలు. తర్వాత రెండు మూడు నెలలు చలి గదిలోనే విశ్రాంతి. ఆ విశ్రాంతి దేనికి? పైన ఉన్న ఉప్పు నెమ్మదిగా ఎముక దాకా చేరాలి. అది చేరేలోపు వేడి తగిలితే కథ ముగిసినట్టే.

తర్వాత కడుగుతారు, ఆరబెడతారు, వేలాడదీస్తారు. కోసినచోట మాంసం బయటికి కనిపిస్తుంది కదా, అది మరీ గట్టిపడకుండా పంది కొవ్వులో బియ్యప్పిండి, ఉప్పు కలిపి ముద్దలా పూస్తారు. బియ్యప్పిండి! మనకి బాగా తెలిసిన సరుకే. కనీసం 14 నెలలు. ఇదివరకు 12 ఉండేది, ఈమధ్యే పెంచారు. 24 నెలలవీ, ఇంకా పైబడినవీ దొరుకుతాయి.

పరీక్ష ఎలా చేస్తారో చెప్తాను, ఇది చూడముచ్చటగా ఉంటుంది. గుర్రం ఎముకతో చేసిన సూది. సన్నగా, పెన్సిల్ కన్నా పలచగా, లేత పసుపు రంగులో ఉంటుంది. దాన్ని కాల్లో అయిదు చోట్ల గుచ్చి, గుచ్చినప్పుడల్లా తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. ఇనప సూది ఎందుకు వాడరు? ఇనుము వాసన పట్టుకోదు. గుర్రం ఎముకకి సన్నటి రంధ్రాలుంటాయి, వాసన చటుక్కున పట్టుకుంటుంది, అంతే చటుక్కున వదిలేస్తుంది. తర్వాతి చోట గుచ్చేసరికి సూది మళ్ళీ ఖాళీ. అయిదు చోట్లా బాగుంటేనే అయిదు కొనల కిరీటం ముద్ర కాల్చి వేస్తారు. ఆ ముద్ర లేనిది పార్మా ప్రొషూటో కాదు.

ఇప్పుడు చెప్పండి. ఇంత చేసి, ఏడాది పైచిలుకు ఆరబెట్టి, ఉప్పూ కాలమూ కలిసి వండేసిన మాంసాన్ని తీసుకొచ్చి మనం పెనం మీద ఫ్రై చేస్తే ఏమవుతుంది? ఉప్పు చెక్క అవుతుంది. తీపి పోతుంది. ప్రొషూటోలో ఒక తియ్యదనం ఉంటుంది, అది వేడికి నిలవదు. అందుకే పిజ్జా మీద ప్రొషూటో పొయ్యిలోంచి తీశాక వేస్తారు, ముందు కాదు. పిజ్జా వేడికి దాని కొవ్వు అంచులు మెత్తబడి అద్దంలా అవుతాయి, అది చాలు. మన రెస్టారెంట్లలో ముందే వేసి కాల్చి, నల్లగా ముడుచుకుపోయిన ముక్కలు పెడుతుంటారు. డబ్బు తగలేయడం అంటే అదే.

ఇంకోటి. ప్రొషూటో చుట్టూ తెల్ల కొవ్వు ఉంటుంది కదా, దాన్ని చాకుతో తీసేసి తినేవాళ్ళున్నారు. దయచేసి తీయకండి. వాసనంతా అందులోనే. ప్యాకెట్ అయితే ఫ్రిజ్‌లోంచి ముందే తీసి, తెరిచి, ఓ పావుగంట బయట పెట్టండి. చల్లగా ఉన్నప్పుడు ఆ కొవ్వు మైనంలా ఉంటుంది, నోట్లో కరగదు.

సరే, అయితే ప్రొషూటో అసలు పొయ్యి ఎక్కదా? ఎక్కుతుంది, కానీ ఏదో ఒక తోడుతో. రోమ్‌లో సాల్తింబొక్కా అని చేస్తారు. లేత దూడ మాంసం పలచటి ముక్క, దాని మీద ప్రొషూటో, దాని మీద సేజ్ ఆకు, పుల్లతో గుచ్చుతారు. వెన్నలో దూడ మాంసం వైపు వేయించి, ప్రొషూటో వైపు ఊరికే తగిలించి తీస్తారు. వైట్ వైన్ చుక్క పోస్తారు. ఉప్పు వెయ్యరు. మళ్ళీ చెప్తున్నాను, ఉప్పు వెయ్యరు. బొలోన్యా నగరంలో కట్లెట్ ఉంది. బ్రెడ్ పొడిలో పొర్లించి వేయించిన దూడ మాంసం మీద ప్రొషూటో, ఆ పైన పర్మిజానో జున్ను వేసి, కాస్త మాంసం చారు పోసి మూతపెడతారు. అంటే ఏమిటి? ప్రొషూటోకి నేరుగా మంట తగలదు. కింద మాంసం, పైన జున్ను కాపలా.

పోపు లాంటి మాంసం

ఇప్పుడు రెండో గుంపుకి వద్దాం. నాకు ఇష్టమైన గుంపు ఇదే.

గ్వాంచాలే, పాన్‌చెట్టా. గ్వాంచాలే పంది దవడ. పాన్‌చెట్టా పంది పొట్ట భాగం. దవడ ముక్క త్రికోణంలా ఉంటుంది, పైన మిరియాల పొడి పట్టించి ఉంటుంది, కోస్తే ఎక్కువ భాగం తెల్లటి కొవ్వు, మధ్యలో ఒకటో రెండో ఎర్రటి చారలు. మొదటిసారి చూసినవాళ్ళు "ఇందులో మాంసం ఏదండీ?" అంటారు. మాంసం కోసం కాదమ్మా అది. మన ఇంట్లో పోపు ఎందుకు పెడతాం? పోపు గింజలతో కడుపు నిండుతుందా? నిండదు. నూనెకి వాసన పట్టించి, ఆ నూనెతో మొత్తం పప్పుకి వాసన పట్టిస్తాం. గ్వాంచాలే చేసే పని అచ్చం అదే. ఇది అర్థమైతే రోమ్ పాస్తాలన్నీ అర్థమైపోతాయి.

అమత్రిచానా తీసుకోండి. అమత్రిచే అని, రోమ్ ఉన్న లాత్సియో ప్రాంతంలోనే, కొండల్లో, చిన్న ఊరు. 2016 ఆగస్టు 24 భూకంపంలో ఊరు దాదాపు నేలమట్టమైంది. అప్పుడు దేశమంతటా హోటళ్ళు ఈ పాస్తా అమ్మి వచ్చిన డబ్బులో కొంత ఆ ఊరికి పంపాయి. 2020లో యూరోపియన్ యూనియన్ ఈ వంటకానికి సంప్రదాయ వంటకంగా గుర్తింపు ఇచ్చింది. ఆ ఊరి పురపాలకం చెప్పే కొలతలు ఎలా ఉంటాయంటే, అర కిలో స్పగెట్టికి 125 గ్రాముల గ్వాంచాలే. నాలుగో వంతు. నలుగురైదుగురు తినే పాస్తాకి 125 గ్రాములు. మనిషికి పాతిక గ్రాములు! మనం కూరలో మనిషికి ఎంత మాంసం వేస్తాం? అందుకే అంటున్నాను, ఇది మాంసం కింద లెక్క కాదు.

చేసే తీరు చూడండి. ఇక్కడ జాగ్రత్తగా వినండి, కుర్రవాళ్ళు తప్పుచేసేది ఇక్కడే. పెనం చల్లగా ఉండగానే ముక్కలు వెయ్యాలి. చిటికెన వేలంత ముక్కలు. చెంచాడు ఆలివ్ నూనె, మొదలవడానికి. సన్న సెగ. వేడి పెనం మీద వేస్తే ఏమవుతుంది? పైన మాడుతుంది, కొవ్వు లోపలే ఇరుక్కుంటుంది. చల్లటి పెనం నుంచి మొదలుపెడితే కొవ్వు మెల్లమెల్లగా కరిగి బయటికొస్తుంది. ముందు తెల్లటి భాగం గాజులా పారదర్శకం అవుతుంది. ఆ తర్వాత అంచులు బంగారు రంగు. చిటపట శబ్దం తగ్గుతుంది. అది తగ్గిందంటే నీరు పోయిందని, ఇక మాడబోతోందని. అప్పుడు ఎండు మిరపకాయ ముక్క, వైట్ వైన్ కొంచెం. వైన్ ఆవిరయ్యాక ఏం చెయ్యాలి? ముక్కలు తీసి పక్కన పెట్టాలి. తీసెయ్యాలి! టమాటాలో వాటిని ఉడికించకూడదు, కొన్ని ఎండిపోయి గట్టిపడతాయి, కొన్ని నానిపోతాయి. ఆ కొవ్వులో టమాటాలు వేసి ఉడికించి, చివర్లో ముక్కలు మళ్ళీ కలిపి, పాస్తా వేసి, పెకొరీనో జున్ను తురుము. ఉల్లిపాయ లేదు, వెల్లుల్లి లేదు. బాబూ, ఆ మొహం అలా పెట్టకు. నాకూ మొదట్లో వెల్లుల్లి లేకుండా చెయ్యి ఆడేది కాదు.

దీంట్లోంచి టమాటా తీసేస్తే గ్రీచా. గ్రీచాకి గుడ్డు పచ్చసొన చేరిస్తే కార్బొనారా. కార్బొనారా ఏదో పురాతన వంటకం అనుకుంటారు, కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతదే. 1954లో ఇటలీలో అచ్చయిన తయారీ విధానంలో గ్వాంచాలే లేదు, పాన్‌చెట్టా, వెల్లుల్లి, గ్రూయేర్ జున్ను ఉన్నాయి. కాబట్టి ఎవరైనా మీతో "గ్వాంచాలే లేకపోతే కార్బొనారా కాదు" అని గొడవకి దిగితే ఈ సంగతి చెప్పండి. నేను మాత్రం గ్వాంచాలేతోనే చేస్తాను. దాని కొవ్వు పాన్‌చెట్టా కొవ్వు కన్నా మెత్తన, త్వరగా కరుగుతుంది, పచ్చసొనతో చక్కగా కలుస్తుంది. ఒక్క మాట: గుడ్డు కలిపేటప్పుడు పొయ్యి ఆపెయ్యాలి. పచ్చసొన 65 నుంచి 70 డిగ్రీల దగ్గర గట్టిపడుతుంది. పెనం మంట మీద ఉంటే కార్బొనారా కాదు, ఎగ్ బుర్జీ వస్తుంది. క్రీమ్ వెయ్యాల్సిన పని లేదు. గుడ్డు విరిగిపోతుందన్న భయంతో వేసేదే ఆ క్రీమ్.

పాస్తా నీళ్ళలో ఉప్పు సంగతి కూడా చెప్పాలి. మామూలుగా పాస్తా నీళ్ళు ఉప్పగా ఉండాలని మీకు నేర్పించి ఉంటారు. వీటికి మాత్రం తగ్గించండి. గ్వాంచాలేలో ఉప్పు, పెకొరీనోలో ఉప్పు. మూడో ఉప్పు నీళ్ళలో అక్కర్లేదు.

బొలోన్యా రాగూ, అంటే పాస్తాలో కలిపే మాంసం సాస్, దాంట్లో కూడా ఇదే సూత్రం. 1982 అక్టోబరు 17న బొలోన్యా వాణిజ్య మండలిలో ఓ విధానాన్ని నమోదు చేశారు. అందులో 300 గ్రాముల బీఫ్‌కి 150 గ్రాముల పాన్‌చెట్టా. ముందు వేసేది పాన్‌చెట్టా. దాన్ని సన్నగా తరిగి కరగబెట్టి, ఆ కొవ్వులో ఉల్లి, క్యారెట్, సెలరీ. తర్వాతే బీఫ్. చూశారా, మళ్ళీ పోపే.

అదే ఊళ్ళో తోర్తెల్లీని ఉంది, లోపల ముద్ద కూరిన చిన్న పాస్తా. అక్కడ లెక్క వేరు. 1974లో నమోదైన విధానం ప్రకారం లోపలి ముద్దలో పంది నడుము మాంసం 300 గ్రాములు, ప్రొషూటో 300, మోర్తదెల్లా 300, పర్మిజానో 450, మూడు గుడ్లు, జాజికాయ. వెయ్యి తోర్తెల్లీనికి సరిపడా. ఇక్కడ ప్రొషూటో, మోర్తదెల్లా రెండూ నూరి లోపల పెట్టేస్తారు. పైన పిండి పొర ఉంది, చారులో రెండు మూడు నిమిషాలే ఉడుకుతుంది. వేడి తగిలినా రసం బయటికి పోదు. ఈ లెక్కలో ఉప్పు విడిగా లేదు, గమనించారా? ముద్దకి కావలసిన ఉప్పులో ఎక్కువ భాగం ప్రొషూటో, జున్ను మోసుకొస్తాయి.

మోర్తదెల్లా అన్నాను కదా. అది ముందే ఉడికినది. మాంసాన్ని వెన్నలా నూరి, పంది మెడ దగ్గరి గట్టి కొవ్వు ముక్కలు కలిపి, పొడి వేడి గాలి పొయ్యిలో లోపలి ఉష్ణోగ్రత 70 డిగ్రీలు చేరేదాకా నెమ్మదిగా వండుతారు. మెడ కొవ్వే ఎందుకు? అది గట్టిగా ఉంటుంది, ఆ వేడికి కరిగి కారిపోదు. అందుకే కోసినప్పుడు తెల్లటి చుక్కలు చుక్కలుగానే ఉంటాయి. 1661లో బొలోన్యాలో కార్డినల్ ఫర్నేజే మోర్తదెల్లా ఎవరు, ఎలా చెయ్యాలో శాసనం వేశాడంటే అప్పటికే నకిలీలు ఉన్నాయన్నమాట. అమెరికా అయితే 1967 నుంచి 2000 దాకా దీన్ని దేశంలోకే రానివ్వలేదు, ఆఫ్రికన్ పంది జ్వరం భయంతో. మోర్తదెల్లాని పలచగా కోసి, మడతలు మడతలుగా వేడి బ్రెడ్‌లో పెట్టి తినడమే మంచిది. లేదా రికోట్టా జున్నుతో కలిపి మిక్సీలో మెత్తగా చేసి రొట్టె మీద రాసుకోవచ్చు. బొలోన్యా చుట్టుపక్కల పంది కొవ్వులో వేయించిన పిండి ముక్కలు, లోపల గుల్లగా ఉబ్బి, వేడివేడిగా తెస్తారు. వాటి మీద చల్లటి మోర్తదెల్లా పరుస్తారు. ఆ వేడికి కొంచెం చెమరుస్తుంది. అంతకుమించి వంట అక్కర్లేదు.

మనకి చుట్టరికం ఉన్న రెండు

కాలాబ్రియాలో, ఇటలీ బూటు కొన దగ్గర, స్పిలింగా అనే ఊరిది ఎన్‌దూయా. మన గుంటూరువాళ్ళకి నచ్చే సరుకు. పంది కొవ్వు, కొంచెం మాంసం, ఉప్పు, బోలెడు మిరపపొడి. బోలెడు అంటే, బరువులో పాతిక ముప్పై శాతం దాకా మిరపే ఉంటుంది. పేగులో కూరి కొద్దిగా పొగ పెడతారు. గట్టిపడదు, చెంచాతో తీసేలా మెత్తగా ఉంటుంది. మిరప వాళ్ళకీ అమెరికా ఖండం నుంచే వచ్చింది, మనకీ అక్కణ్ణుంచే. కొలంబస్ తర్వాతే. వాళ్ళు దాన్ని కొవ్వులో కలిపారు, మనం నూనెలో కలిపి పచ్చడి పెట్టాం.

ఎన్‌దూయాని కాగిన నూనెలో ఎప్పుడూ వెయ్యకండి. మిరప మాడి చేదెక్కుతుంది, మీకు చెప్పక్కర్లేదు. గోరువెచ్చటి టమాటా సాస్‌లో ఓ చెంచా వేసి కలిపితే క్షణంలో కరిగి మాయమైపోతుంది. సాస్ మీద ఎర్రటి నూనె తేలుతుంది. అదే సాక్ష్యం. పిజ్జా మీద మాత్రం ముందే చుక్కలు చుక్కలుగా పెట్టొచ్చు, జున్ను తడి దాన్ని కాపాడుతుంది.

రెండోది బ్రెజావోలా. ఇది పంది కాదు, ఎద్దు మాంసం. తిననివాళ్ళు క్షమించాలి, చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే కథలో మనం ఉన్నాం. స్విట్జర్లాండ్ సరిహద్దులో వాల్తెల్లీనా అనే లోయ. అక్కడ ఎద్దు తొడ మాంసాన్ని కొవ్వు లేకుండా తీసి, ఉప్పు, మసాలా పట్టించి ఆరబెడతారు. నియమం ప్రకారం తయారీ ఆ లోయలో జరగాలి గానీ పశువు ఎక్కడ పెరగాలో నియమం లేదు. అందుకని కంపెనీలు చాలాకాలంగా బ్రెజిల్ నుంచి మూపురం ఉన్న పశువుల మాంసం తెప్పించుకుంటున్నాయి, దాంట్లో కొవ్వు తక్కువ గనక. బ్రెజిల్‌లో ఆ పశువుల్లో అధికభాగం ఏ జాతి? నెలోరే. ఆ పేరు ఎక్కడిదో ఎవరైనా చెప్తారా? నెల్లూరు! మన ఒంగోలు జాతే. 19వ శతాబ్దం నుంచి ఓడలెక్కి వెళ్ళిన పశువుల సంతతి. ఆల్ప్స్ కొండల్లో ప్రఖ్యాత సరుకు, మూలం వెతికితే మన కోస్తా. ఇది విన్నప్పుడు ఇటలీవాళ్ళకి నచ్చదనుకోండి.

దీన్ని వండకూడదు. అసలే కొవ్వు లేదు, వేడి తగిలితే చెప్పు తోలే. పలచగా కోసి, పళ్ళెంలో పరిచి, ఆలివ్ నూనె, రాకెట్ ఆకు, పర్మిజానో లాంటి గట్టి జున్ను పలకలు. నిమ్మరసం వడ్డించే ముందే చుక్కలు వెయ్యాలి. ముందే పిండి ఉంచితే మాంసం రంగు మారి బూడిద రంగులోకి పోతుంది.

మిగతావి గబగబా. స్పెక్ కూడా పంది తొడే, ఉత్తరాన ఆల్తో ఆదిజెలో చేస్తారు, కాస్త పొగ పెట్టి, ఎక్కువ గాలికి వదిలి. దాన్ని సన్నటి ముక్కలు చేసి, మిగిలిపోయిన బ్రెడ్, పాలు, గుడ్డుతో ఉండలు కట్టి చారులో వేస్తారు. బాగుంటుంది, పాత బ్రెడ్ ఖర్చవుతుంది. కులతెల్లో మాత్రం జోలికి పోకండి, అంటే వండే జోలికి. అది పో నది ఒడ్డున పొగమంచులో మాగిన తొడ మాంసం, ధర వింటే మీరే దాన్ని పొయ్యికి దూరంగా పెడతారు. లార్దో అంటే ఉత్త కొవ్వు. కరారా పాలరాతి తొట్లలో ఉప్పు, మిరియాలు, రోజ్‌మేరీ, వెల్లుల్లితో కనీసం ఆరు నెలలు ఊరుతుంది. పాలరాయే ఎందుకంటే అది చల్లగా ఉంటుంది, కొవ్వు చెడదు. వేడి రొట్టె మీద పరిస్తే అద్దంలా అవుతుంది. ఇక కోతెకీనో, మోదెనా సాసేజ్. పంది తోలు, మాంసం కలిపి చేస్తారు. అది పచ్చిది, తప్పనిసరిగా ఉడకాలి, నీళ్ళు తెర్లకుండా, గంటల తరబడి, తోలు జిగురయ్యేదాకా. కొత్త సంవత్సరం రాత్రి మసూర్ లాంటి పప్పుతో తింటారు. పప్పు గింజలు నాణేల్లా ఉంటాయి కాబట్టి డబ్బొస్తుందని.

ఒక మాట సూటిగా చెప్పేస్తాను. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఇలా నిలవచేసిన మాంసాలు క్యాన్సర్ కలిగిస్తాయని తేల్చింది. రోజుకి 50 గ్రాముల చొప్పున తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని అంచనా. కాబట్టి రోజూ ఉదయం బ్రెడ్‌లో నాలుగు సలామీ ముక్కలు పెట్టి పిల్లలకి ఇవ్వడం వద్దు. మనిషికి పాతిక గ్రాములతో సాస్‌కి రుచి తెప్పించడం తెలిస్తే, అంత తినాల్సిన అవసరమూ ఉండదు.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

ఆ అమ్మాయి అడుగుతోంది, గ్వాంచాలే ఇంట్లో చేసుకోవచ్చా అని. ఇంటర్నెట్‌లో వీడియోలు చూశావు కదూ? ఇక్కడ వద్దమ్మా. చలిని అదుపులో పెట్టే గది లేకుండా, మన వేడిలో, తేమలో, పందిమాంసం వేలాడదీస్తే బొటులిజం లాంటి ప్రాణం మీదికి తెచ్చేవి ఉన్నాయి. క్యూరింగ్ ఉప్పు, అంటే నైట్రైట్ కలిపిన ఉప్పు, మోతాదు మించినా విషమే, తగ్గినా ప్రమాదమే. వంట నేర్చుకోండి, ఆ పని వాళ్ళకి వదిలెయ్యండి.

బేకన్ వాడొచ్చా? వాడొచ్చు, కానీ దానికి పొగ వాసన ఉంటుంది, అది టమాటాని తొక్కేస్తుంది. కాసేపు మరిగే నీళ్ళలో ముంచి తీస్తే కొంత తగ్గుతుంది. బేకన్ పచ్చిది, తప్పనిసరిగా వండాలి. పాన్‌చెట్టా ముక్కలు ప్యాకెట్‌లో వచ్చేవి కూడా చాలామటుకు వండి తినాల్సినవే, ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, చదవండి.

పంది తినని అతిథులొస్తే? ఇటలీలో యూదులు ఎన్నో తరాలుగా బాతు మాంసంతో సలామీ, హామ్ చేసుకున్నారు. పెద్ద బాతు, గూస్. దాని కొవ్వు కూడా చక్కగా కరుగుతుంది. ఇక్కడ దొరకడం కష్టం. అలాంటప్పుడు బాతు తోలునే సన్న సెగ మీద కరగబెట్టి ఆ కొవ్వులో సాస్ మొదలుపెట్టండి. చికెన్ సలామీతో మాత్రం అమత్రిచానా చెయ్యకండి, అందులో కరగడానికి ఏమీ లేదు.

ఆఖరి ప్రశ్న, ఒక్కటే కొనాలంటే ఏది కొనాలి? ముక్కలు కోసినది కాకుండా, తోలుతో ఉన్న పాన్‌చెట్టా కడ్డీ కొనండి. దిగుమతి సరుకు అమ్మే దుకాణాల్లో గ్వాంచాలే కన్నా తేలిగ్గా దొరుకుతుంది, ధర కూడా తక్కువ. కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, ప్లాస్టిక్‌లో బిగిస్తే చెమట పట్టి జిగురొస్తుంది. కావలసినప్పుడల్లా కొంచెం కోసుకోండి. తోలు మిగులుతుంది చూడండి, అది పారెయ్యకండి. రాజ్మా గానీ శనగలు గానీ ఉడికేటప్పుడు మొదట్లోనే పడేసి, ఉడికాక తీసెయ్యండి. ఉప్పు మాత్రం చివర రుచి చూశాకే. సరే, పొయ్యి సిద్ధంగా ఉందంటున్నారు. నలుగురు నలుగురుగా రండి, ముందు వరస నుంచి. పెనం ముట్టుకుని చూడండి, చల్లగా ఉందా? అయితే ముక్కలు వేసెయ్యండి.